బంగారు పళ్ళ మీద పసుపు

పొద్దున ఏడు గంటల నిజామాబాద్ బస్సు హారన్ కొట్టిందంటే భాగ్యవతి చేతిలో చీపురు ఆగిపోతుంది. ఆ రోజు ఇంట్లోంచి ఎవరూ ఊరికి పోవడం లేదని తెలిసినా సరే, బస్సు మలుపు తిరిగి చప్పుడు సన్నగిల్లేదాకా అలాగే నిలబడుతుంది. బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లోనే ఇల్లు. అందుకని రోజులో ఆమె ఇలా నిలబడిపోయే సందర్భాలు చాలానే ఉంటాయి.

ఆమె భయానికి కారణాలు లేకపోలేదు. తోడబుట్టిన అక్కను దెగ్లూరు అవతలికి ఇచ్చారు. పెళ్ళి బండి జుక్కల్ దాటాక ఆ అక్క మళ్ళీ పుట్టింటి గడప తొక్కింది లేదు. భర్త ముత్తెన్న కడుపునొప్పి అని ఇదే ఏడు గంటల బస్సెక్కి పెద్ద దవాఖానకు పోయాడు. తిరిగి బస్సులో రాలేదు. బడి గడప ఎక్కని భాగ్యవతి అక్షరాలు నేర్చుకున్నది కూడా బస్సు బోర్డుల మీదే. ఎవరు ఏ దిక్కుకు పోతున్నారో తెలుసుకోవాలని కూడబలుక్కుని చదివేది. ఆ అక్షరాలతోనే తర్వాత్తర్వాత వారపత్రికలు, కథల పుస్తకాలు, పల్లీలు కట్టిచ్చిన కాగితాలు కూడా వదలకుండా చదివింది.

"అత్తమ్మ, చాయ సల్లగైతుంది" అంటూ కోడలు రోజారాణి గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. వెంటనే వెళ్ళలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఏంది బిడ్డా?"

"మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది కద. కట్టు ఇప్పిండ్రంట. చుక్కల మందు ఏసెటోళ్ళు లేరు. జర పిట్లం పోయొస్తనత్తమ్మ. ఓ వారం ఉండి వస్త."

భాగ్యవతి చాయ గ్లాసు అందుకుంది. "కోతలు నడుస్తున్నయి. పెద్దోడు సాయిప్రసాద్ పొలం కాడికి సద్ది ఎవరు కట్టిస్తరు? వడ్లు ఇంటికొచ్చినంక పోదువు తియ్యి."

కిందటి నెల అడిగినప్పుడు ఉగాది పోనీ అంది అత్త. అంతకు ముందు నాట్లు అంది. పిట్లం ఎంత దూరమని, పొద్దున పోతే సాయంత్రానికి రావచ్చు. కానీ ఈ ఇంట్లోంచి ఎవరైనా సంచి పట్టుకుంటే అత్తకు గుండె దడ. ఆ సంగతి కోడలికి తెలుసు. తెలిసీ ఎంతకాలమని ఊరుకోవడం? ఆమె ఖాళీ బకెట్టు తీసుకుని బోరింగు దగ్గరికి నడిచింది.

నిజానికి ఆ పూట భాగ్యవతి మనసు కోడలి మీద లేదు. ముందు గదిలో నిద్రపోతున్న చిన్న కొడుకు అఖిలేశ్ మీద ఉంది.

అఖిలేశ్ పెళ్ళిళ్ళ వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. ఆ కంప్యూటర్ కూడా దుకాణంలో కొన్నది కాదు. డబ్బా ఒకచోట, మానిటర్ ఒకచోట, లోపలి పుర్జాలు ఇంకోచోట తెచ్చుకుని ఇంట్లోనే బిగించాడు. డబ్బాకు ఒక పక్క తలుపు లేకపోతే అన్న కూతురు సంజన పాత పరీక్ష అట్ట అడ్డం పెట్టాడు. "మన ఊర్ల ట్రాక్టరు లెక్క ఉన్నది రా. అన్నీ బయటికే" అని అన్న సాయిప్రసాద్ ఎగతాళి చేస్తే, "దున్నుతది కద అన్న, చాలు" అని నవ్వేవాడు.

కానీ ఈమధ్య అది దున్నడం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఎఫెక్టు పెడితే చాలు, పెళ్ళికొడుకు తాళి పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆగిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే తప్ప పని జరగదని తేలింది. అదే సమయంలో హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు సంపత్ ఫోన్ చేశాడు. తను పనిచేసే స్టూడియోలో మనిషి కావాలట. జవాబు ఈ రోజే చెప్పాలట.

"కార్డు పనిచేసి, పెద్ద కొడప్‌గల్ ఊరోళ్ళ పెళ్ళి క్యాసెట్ టైముకు ఇస్తే ఈడనే ఉంటనమ్మ" అన్నాడు అఖిలేశ్ రాత్రి నిజామాబాద్ నుంచి కార్డు కొనుక్కొచ్చి చేతులు కడుక్కుంటూ. "లేకుంటే ఊర్ల మాట పోయినట్టే. పోవాల్సిందే ఇగ."

అంటే ఆ ఇంటి కొడుకు ఉండటమో పోవడమో అరచేయంత ముక్క మీద ఆధారపడి ఉంది. బల్ల మీద అట్టపెట్టెలో, వెండి రంగు కవరులో ఉంది అది. అఖిలేశ్ ఇంకా లేవకముందే భాగ్యవతి పెట్టె మీది అక్షరాలు చూసింది. అన్నీ ఇంగ్లీషు. ఇన్ని పుస్తకాలు చదివిన తనకు కొడుకు రాత మాత్రం తెలియని భాషలో రాసి ఉందనిపించింది.

కొత్త వస్తువు ఇంటికొస్తే దేవుడి గూటి ముందు పెట్టి బొట్టు పెట్టందే వాడటం ఆ ఇంట్లో లేదు. మోటరుకు పెట్టారు, మిక్సీకి పెట్టారు, సంజన పలకకు కూడా పెట్టారు. మానిటర్‌కు కుంకుమ పెట్టినప్పుడే అఖిలేశ్ కోప్పడ్డాడు. "చిప్పుల కాడ చెయ్యి పెట్టకమ్మ, కరాబైతయి" అని గట్టిగా చెప్పాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. అందుకే ఎంతో జాగ్రత్తగా కవరు జారదీసి, అంచులు పట్టుకుని కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. పచ్చటి పలక నిండా నల్ల చిప్పులు, నడుమ చిన్న ఫ్యాను. ఎక్కడా బొట్టు పెట్టే చోటు లేదు. అడుగున మాత్రం ఏ పుర్జా లేని అంచు ఒకటి కనబడింది. దువ్వెన పళ్ళలా సన్నటి గీతలు, బంగారు రంగులో మెరుస్తున్నాయి. అది సింగారం కోసం పెట్టి ఉంటారనుకుంది. ఇక్కడ పెడితే ఎవరికీ అడ్డం కాదు.

కరెంటు సామానుకు నీళ్ళు తగలకూడదని తెలుసు. అందుకని పసుపును దీపం నూనెలో కలిపింది. కుంకుమ పెడితే కొడుకు కంట పడుతుందని మానేసింది. ఉంగరం వేలితో ఆ బంగారు పళ్ళ మీద ఇటు కొసనుంచి అటు కొసకు, వెనక్కి తిప్పి మళ్ళీ ఒకసారి, పసుపు రాసింది. బంగారం మీద పసుపు కనబడలేదు. అది మరీ నచ్చింది ఆమెకు.

"నా కొడుకును ఈడనే ఉంచు తల్లి" అని దండం పెట్టి, కార్డును మళ్ళీ కవరులోకి తోసి, ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

ఉప్మా తిని అఖిలేశ్ కార్డు బిగించడానికి కూర్చున్నాడు. సంజన పరీక్ష అట్ట పక్కన పెట్టి, కార్డును గాడిలో కూర్చోబెట్టి, మానిటర్ తీగ దానికి తగిలించి స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. డబ్బాలోంచి మాత్రం ఒక పొడుగు కూత, దాని వెంట పొట్టి కూతలు వచ్చాయి.

"అరుస్తుంది బాబాయ్" అంది సంజన.

"అరుస్తలేదు. బొమ్మ కార్డు దొరుకతలేదని చెప్తుంది."

తీసి మళ్ళీ పెట్టాడు. అదే కూత. మెమరీ ముక్క తీసి తుడిచి పెట్టాడు. అదే కూత. తీగ మార్చాడు, ప్లగ్గు మార్చాడు. కార్డు పూర్తిగా తీసేసి పాత తీగ తగిలిస్తే తెర మీద బొమ్మ చక్కగా వచ్చింది. కార్డు పెడితే మళ్ళీ నలుపు, మళ్ళీ కూత. భాగ్యవతి గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూత వచ్చినప్పుడల్లా చేట కదులుతోంది. ఏడు గంటల బస్సు హారన్ కన్నా ఈ కూత అధ్వానంగా ఉందనిపించింది.

అఖిలేశ్ నిజామాబాద్ షాపుకు ఫోన్ చేసి, చేతులు ఖాళీ లేక స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు.

"సరిగ కూసోలేదేమో చూడు తమ్మీ" అన్నాడు షాపు రూప్‌సింగ్. "అడుగున కాళ్ళుంటయి కద, పసుపుపచ్చగ. వాటిని పెన్సిల్ రబ్బరుతోని మంచిగ రుద్దు. మురికుంటే తగలదు."

"కొత్త కార్డన్న. నిన్ననే సీల్ ఇప్పిన. మురికెక్కడిది?"

"అయితే తెచ్చియ్యి. కంపెనీకి పంపుత. పదిహేను రోజులు పట్టొచ్చు."

పదిహేను రోజులు. పెళ్ళివాళ్ళు ఈ వారంలోనే అడుగుతున్నారు. అఖిలేశ్ ఫోన్ పెట్టేశాడు. తర్వాత అతని చూపు బల్ల మూలకు పోయింది. అక్కడ సంజన సగం తిన్న బూందీ లడ్డు ఉంది.

"వదినా," అని పిలిచాడు. "దీన్ని సంజన ముట్టిందా?"

రోజారాణి వంటగదిలోంచి వచ్చింది. "దాని జోలికి పోవద్దని నేనే చెప్పిన. ముట్టలే."

"నువ్వు ఈ బల్ల తడిబట్టతోని తుడిచినవ్ కద?"

"రోజూ తుడుస్త. పెట్టె పక్కకు పెట్టి తుడిచిన."

"అంటే పెట్టె ముట్టినవ్. నిన్న షాపుల మంచిగ నడిచింది నా కండ్ల ముంగట. ఇంట్లకు వచ్చినంకనే కరాబైంది. ఎవరో ఏదో చేయకుంట ఎట్లయితది?"

రోజారాణి మొహం ఎర్రబడింది. "అందరి ఎంగిలి కంచాలు ఎత్తేది నేనే, అన్ని తప్పులు మోసేది నేనే. మంచిగున్నది."

అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న సాయిప్రసాద్ చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చాడు. ఒళ్ళంతా వరి దుమ్ము. "ఏంది రా, వదిన మీద ఎగురుతున్నవ్? పొద్దుందాక ఆ డబ్బా ముంగట కూసునుడు, అది నడవకపోతే ఆడోళ్ళ మీద పడుడు. నేను ఆడ ఒక్కణ్ణే కోత మిషన్ ఎంబడి తిరుగుతున్న."

"నన్ను రమ్మని పిలిచినవా అన్న ఎన్నడన్న?"

"పిలిస్తే వస్తవా నువ్వు? పో, సంపత్ పిలుస్తుండు కద, పో. నీకు ఈ ఊరు సరిపోదు. పిట్లం పోతనన్న మనిషిని ఆపి ఈడ నీ మాటలు పడనిస్తిమి."

"పోత. సాయంత్రం బస్సుకే పోత." అఖిలేశ్ లేచి కార్డును బల్ల మీద పడేసి లోపలి గదిలోకి పోయాడు. ఇనుప బీరువా తలుపు చప్పుడైంది. మంచం కింద నుంచి సంచి లాగిన చప్పుడైంది.

భాగ్యవతి చేటలో వేళ్ళు ఆడటం మానేశాయి. ఉన్న కొడుకు పోతున్నాడు, అదీ కోపంతో పోతున్నాడు. సాయంత్రం హైదరాబాద్ బస్సు బోర్డు మీద అక్షరాలు ఆమెకు ఇప్పటి నుంచే కళ్ళముందు కనిపిస్తున్నాయి. ఆ అక్షరాల మధ్యలో రూప్‌సింగ్ మాట ఒకటి ముల్లులా అడ్డం పడింది. పసుపుపచ్చని కాళ్ళు. మురికుంటే తగలదు.

సింగారం కాదా అది?

చెప్పాలని నోరు తెరిచింది. లోపల గదిలో సంచి జిప్పు చప్పుడు విని మూసుకుంది. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? వీడు తల్లి మీద కోపంతో పోతాడు. అన్న మీద కోపంతో పోయినవాడు తిరిగి రావచ్చు. తల్లే చెడగొట్టిందని పోయినవాడు వస్తాడా?

రోజారాణి మాత్రం బల్ల దగ్గరే నిలబడి ఉంది. చెంపలు తుడుచుకుని, "సంజనా, నీ రబ్బరియ్యి" అంది.

తెల్లటి పెన్సిల్ రబ్బరు. రోజారాణి కార్డును అంచులు పట్టుకుని ఎత్తి, అడుగున ఉన్న బంగారు పళ్ళ మీద మెల్లగా రుద్దింది. ఫోన్లో షాపతను చెప్పింది వంటగదిలోంచి ఆమె కూడా విన్నది కదా. నాలుగు రుద్దులు రుద్ది రబ్బరు తిప్పి చూసింది. పచ్చగా మారింది. వాసన చూసింది. అలాగే ఆగిపోయింది.

తల తిప్పి దేవుడి గూడు వైపు చూసింది. దీపం పక్కన చిన్న ఇత్తడి గిన్నె, అందులో నూనె పసుపు. అక్కడి నుంచి ఆమె చూపు మెల్లగా గడప మీదికి వచ్చింది. చేట ఒళ్ళో పెట్టుకుని, బిక్కమొహంతో తననే చూస్తున్న అత్త మీద ఆగింది.

దొరికిపోయానని భాగ్యవతికి తెలిసింది. ఇప్పుడు ఈ పిల్ల మొగుణ్ణి పిలవొచ్చు. మరిదిని పిలవొచ్చు. చూడండి మీ అమ్మ చేసిన పని అనొచ్చు. పొద్దున పడ్డ మాటలన్నీ వడ్డీతో తిప్పికొట్టొచ్చు. అందులో తప్పేమీ లేదు కూడా.

రోజారాణి తల వంచుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. ఒక్కో పన్నూ, ఒక్కో సందూ. వెనక్కి తిప్పి అటువైపూ రుద్దింది. పొడి బట్టతో తుడిచింది. రబ్బరు పొట్టు ఊదేసి, "అఖిలేశ్, జర ఇటు రా" అని పిలిచింది.

"నాకు పనుంది."

"ఒక్కసారి పెట్టి చూడు. నడవకపోతే నీ సంచి నేనే మోసి బస్టాండ్ల దిగబెడుత."

అతను విసురుగా వచ్చి కార్డు బిగించి, స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఒక చిన్న టిక్కుమన్న శబ్దం. కూత రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారుగా దిగాయి, తర్వాత రంగులు వచ్చాయి.

"వచ్చింది బాబాయ్" అంది సంజన గుసగుసగా, గట్టిగా అంటే పోతుందేమోనని.

అఖిలేశ్ తెరను చూశాడు, వదినను చూశాడు, బల్ల మీది రబ్బరును చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. "పసుపేంది దీనికి?"

"నాదే" అంది రోజారాణి వెంటనే. "పొద్దుగాల పోపుల పసుపు ఏసిన చెయ్యితోని కవరు తీసి చూసిన. ఎట్లుంటదో అని. తప్పయింది."

"మరి పెట్టె పక్కకు పెట్టినంతే అంటివి?" అన్నాడు అఖిలేశ్. గొంతులో పాత కోపం మళ్ళీ లేస్తోంది. సాయిప్రసాద్ కూడా భార్య వైపు అదోలా చూశాడు. "అబద్ధమెందుకు చెప్పినవ్?" అన్నాడు. రోజారాణి నేల చూపులు చూస్తూ నిలబడింది.

భాగ్యవతి లేచింది. ఒళ్ళోంచి చేట జారి బియ్యం నేల మీద పరుచుకున్నాయి. "దాన్ని ఒక్క మాట అనకుండ్రి" అంది. "నేను పెట్టిన. బొట్టు."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వే చెప్పినవ్ కద కొడుకా, చిప్పుల కాడ పెట్టకని. అందుకే చిప్పులు లేని జాగ ఎతికి ఎతికి పెట్టిన. నీళ్ళు తగలొద్దని నూనెల కలిపిన. నువ్వు పోవద్దని మొక్కుకుంట పెట్టిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అఖిలేశ్ రబ్బరును వేళ్ళ మధ్య తిప్పాడు. "అమ్మ," అన్నాడు చివరికి, "గంత కార్డు మీద ఎక్కడ పెట్టినా నడుస్తుండె. కరెంటు పోయే తొవ్వ గదొక్కటే. గదే దొరికిందా నీకు?"

"బంగారం లెక్క ఉంటే..."

సాయిప్రసాద్ ముందు నవ్వాడు. ఎంత ఆపుకున్నా ఆగలేదు, వరి దుమ్ము రాలేటట్టు నవ్వాడు. అఖిలేశ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుని, వదిన ముందుకు వచ్చి నిలబడ్డాడు. "వదినా, నేను అన్న మాటలు..."

"పో పో, సంచిలోవి బీరువాల పెట్టు. ఇస్త్రీ చెడిపోతది" అంది ఆమె.

భాగ్యవతి కోడలి చెయ్యి పట్టుకుంది. రబ్బరు రుద్దిన వేళ్ళు ఇంకా పసుపు వాసన వేస్తున్నాయి. "చెప్పొచ్చు కద బిడ్డా. మీద ఏసుకున్నవెందుకు?"

"పొద్దుగాల నుంచి నువ్వు చాయ తప్ప ఏం ముట్టలేదత్తమ్మ" అంది రోజారాణి మెల్లగా. "వాడు జరసేపు అరిచి జరసేపట్ల మరుస్తడు. నువ్వు మరువవు. నీ చెయ్యితోని కరాబైందని మనసుల పెట్టుకుంటే ఎట్ల బతుకుతవ్?"

ఇంతలో అఖిలేశ్ పెద్ద కొడప్‌గల్ పెళ్ళి తెరిచాడు. ఎఫెక్టు పెట్టినా బొమ్మ ఆగలేదు, చెరువులో నీళ్ళలా జారిపోయింది. తెర మీద అప్పగింతలు నడుస్తున్నాయి. పెళ్ళికూతురు తల్లి మెడ పట్టుకుని వదలడం లేదు. ఎవరో చేతులు విడదీశారు. కారు ఎక్కించారు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. తల్లి రోడ్డు మీద అలాగే నిలబడిపోయింది. భాగ్యవతి చూడలేక మొహం తిప్పుకోబోయింది.

"ఇటు చూడమ్మ" అని అఖిలేశ్ ఏదో నొక్కాడు. కారు వెనక్కి వచ్చింది. దుమ్ము నేలలోకి దిగింది. తలుపు తెరుచుకుని పెళ్ళికూతురు వెనకడుగులు వేసుకుంటూ దిగి, తల్లి చేతుల్లోకి వచ్చి ఒదిగిపోయింది. సంజన పడీ పడీ నవ్వింది.

భాగ్యవతి నవ్వలేదు. దెగ్లూరు పోయిన అక్క గుర్తొచ్చింది. ఆ పక్కనే ముక్కు ఎగబీలుస్తున్న శబ్దం వినబడి తిరిగి చూసింది. రోజారాణి తెరనే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు. చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోవడం లేదు.

అప్పుడు తట్టింది ఆమెకు. ఈ ఇంట్లోంచి ఎవరు పోతారోనని ఇన్నేళ్ళు బస్సులకు చెవి పెట్టింది కానీ, ఈ ఇంటికి ఎవరు ఎవరిని విడిచి వచ్చారో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఈ పిల్ల కూడా ఇలాగే ఎవరి మెడో వదిలి వచ్చింది. పిట్లంలో ఒక తల్లి కంటికి కట్టు విప్పుకుని మొదట ఎవరి మొహం చూడాలనుకుంటుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. అక్కను తిరిగి రానివ్వని అత్తింటివాళ్ళను జీవితమంతా తిట్టుకుంది. అదే పని తన చేతుల మీదుగా, నాట్లని, ఉగాదని, కోతలని జరిగిపోయింది.

"రోజా," అంది. "సంచి సర్దుకో. పిట్లం పో."

"కోతలు..."

"కోతలకు ఇద్దరు కొడుకులున్నరు నాకు. ఒకడు సద్ది మోస్తడు, ఒకడు వడ్లు మోస్తడు. నేను వండుత. నీ తల్లి కండ్లు మంచిగయ్యేదాక ఉండు. సంజనను కూడా తీస్కపో."

"నేను సద్ది మోస్త అన్న" అన్నాడు అఖిలేశ్ తెర మీంచి చూపు తిప్పకుండా. సాయిప్రసాద్ వెళ్ళి తమ్ముడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. అది కొట్టడం కాదు.

మధ్యాహ్నం పిట్లం బస్సుకు భాగ్యవతి కూడా బస్టాండు దాకా నడిచింది. కూలీలు, సద్ది మూటలు, మరాఠీలో బేరాలాడుతున్న ఇద్దరు ఉల్లిగడ్డల వాళ్ళు, అన్నీ దాటి బస్సు బోర్డు దగ్గర నిలబడి "పిట్లం" అని పైకే చదివింది. ఈ రెండక్షరాలు చదువుతుంటే ఆ రోజు గుండె దడ రాలేదు. సంజనతో కిటికీ పక్కన కూర్చున్న రోజారాణి చెయ్యి బయటికి చాపింది.

భాగ్యవతి కొంగు ముడి విప్పింది. అందులో కాగితంలో చుట్టి తెచ్చిన కుంకుమ ఉంది. కాళ్ళ వేళ్ళ మీద లేచి, కిటికీలోంచి కోడలి నుదుటి మీద బొట్టు పెట్టింది.

"ఈడ పెడితే ఏం కరాబు కాదు" అంది. "పైలంగ పోయి రా తల్లి."

కండక్టర్ విజిల్ వేశాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. బస్సు మలుపు తిరిగి చప్పుడు సన్నగిల్లకముందే ఆమె వెనుదిరిగింది. ఇంటి దగ్గర పొయ్యి మీద పప్పు ఉంది. ఇద్దరు కొడుకులు ఆకలితో ఉన్నారు.